పెరుగన్నంలో కలిపిన మాత్ర అవిశ్వాసమా?

గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం నా మాటల్లో చెబుతున్నాను.

ఆమె కొడుక్కి తొమ్మిదేళ్లు. రెండేళ్ల క్రితం మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. నరాల డాక్టరుకు చూపిస్తే పరీక్షలు చేసి, మూర్ఛవ్యాధి అని తేల్చి, రెండు పూటలా మాత్రలు రాశారు. వాడటం మొదలుపెట్టాక పదకొండు నెలలు ఒక్కసారి కూడా రాలేదు. మొన్న వేసవిలో ఊళ్లో మూడు రోజుల స్వస్థత కూటాలు జరిగాయి. బయటి నుంచి వచ్చిన దైవజనుడు బాబు తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి, దయ్యం వదిలిపోయిందని ప్రకటించాడు. మాత్రల డబ్బా తెప్పించి వేదికమీద పెట్టించాడు. మైకు ఇస్తే బాబు "యేసయ్య నన్ను బాగుచేశాడు" అన్నాడు. పంతొమ్మిదో రోజు తెల్లవారుజామున స్నానాల గదిలో పడిపోయాడు. గడ్డం చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి.

బీరువాలో చీరల కింద ఆమె దాచుకున్న ఒక మాత్రల అట్ట అత్తగారి కంటపడింది. "నీ అవిశ్వాసం వల్లే పిల్లవాడి స్వస్థత పోయింది" అన్నారు. సంఘంలో శుక్రవారం రాత్రి ఉపవాస ప్రార్థనలు పెట్టి బాబును కూడా తెల్లవార్లూ కూర్చోబెట్టారు. రెండో వారం అక్కడే ఫిట్స్ వచ్చాయి. నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకున్నారు. అత్తగారు తాళాల గుత్తి చేతిలో పెట్టారు, ఎవరో పళ్ల మధ్య చెంచా దూర్చారు. "వదిలేముందు దయ్యం అలాగే విలవిలలాడిస్తుంది, మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయంలో రాసి ఉంది" అన్నారు పెద్దలు. మర్నాడే ఆమె పాత చీటీ మీద మందులు కొని, పొడి చేసి, పొద్దున పాలల్లో, రాత్రి పెరుగన్నంలో కలపడం మొదలుపెట్టారు. లారీ నడిపే భర్తకు తెలియదు. అత్తగారికి తెలియదు. బాబుకూ తెలియదు.

నాలుగు నెలలుగా ఫిట్స్ లేవు. ఉపవాస ప్రార్థనే గెలిచిందని, క్రిస్మస్ కూటాల్లో బాబు మళ్లీ సాక్ష్యం చెప్పాలని సంఘం అంటోంది. బాబు ఒక రాత్రి పక్కలో పడుకుని, "అమ్మా, మళ్లీ వస్తే దేవుడికి నామీద కోపం వచ్చినట్టా?" అని అడిగాడట. "నేను దేవుణ్ణి మోసం చేస్తున్నానా? నా అవిశ్వాసం వల్లే వాడు పడిపోయాడా? సాక్ష్యం చెప్పనివ్వాలా, సంఘం మానేయాలా?" ఇవీ ఆ తల్లి ప్రశ్నలు.

చెల్లెమ్మా,

మీరు మాత్ర దాచింది మనుషుల కంటికి. దేవునికి మొదటి రోజు నుంచీ తెలుసు. ప్రతి రాత్రీ ఆ పొడి కలుపుతూ "ప్రభువా, క్షమించు, వాణ్ణి కాపాడు" అని గొణుక్కుంటానని రాశారు. ఆయనతో మాట్లాడుతూ చేసే పని ఆయన్ని మోసం చేయడం ఎలా అవుతుంది? కాకపోతే మనుషుల దగ్గర దాచినది మాత్రం ఇక ఎంతోకాలం దాచి ఉంచలేరు. దానివల్ల బాబుకే ప్రమాదం.

విశ్వాసం సంగతికి వచ్చేముందు బాబు ఒంటి సంగతి చూద్దాం. నేను డాక్టర్ని కాను. కానీ ఈ విషయంలో డాక్టర్లందరూ ఒకే మాట చెబుతారు. మూర్ఛ మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. ఒక్కోసారి ఆగకుండా వరసగా వచ్చి ప్రాణంమీదికి తెస్తాయి. నిద్ర చాలకపోవడం కూడా ఫిట్స్‌ను రేపుతుంది. ఆ శుక్రవారం రాత్రి మీ బాబుకు మాత్ర లేదు, నిద్ర లేదు, కడుపులో అన్నం లేదు. ఫిట్స్ రావడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఇప్పుడు మీరు ఇస్తున్న తీరులోనూ చిక్కులున్నాయి. కొన్ని రకాల ఫిట్స్ మాత్రలు కడుపులో మెల్లమెల్లగా కరిగేలా తయారుచేస్తారు, వాటిని పొడి చేయకూడదు. మీవి ఏ రకమో నాకు తెలియదు, అడిగి తెలుసుకోండి. బాబు పెరుగన్నం సగం వదిలేసిన రోజు సగం మందే కడుపులోకి వెళ్తుంది. పిల్లలకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, మీ చేతిలోని చీటీ పాతది. మీకే జ్వరం వచ్చి మంచం పడితే ఆ పూట మాత్ర వేసేవాళ్లు ఇంట్లో లేరు. అందుకని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎప్పుడు ఆపారో, రెండుసార్లు ఎప్పుడెప్పుడు వచ్చిందో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లి దాచకుండా చెప్పండి. కోప్పడతారని భయపడకండి. ఇలాంటివి వారు చాలా చూసి ఉంటారు. జీవితాంతం వాడాలేమోనన్న మీ బెంగ కూడా ఆయన ముందే పెట్టండి. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిస్తే, పిల్లవాడి స్థితి చూసి, మెల్లగా తగ్గిస్తూ ఆపే సంగతి ఆలోచిస్తారు. సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురి వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదకొండు నెలలు మీ బాబు అలాగే ఉన్నాడు కదా.

మళ్లీ ఎప్పుడైనా వస్తే నోట్లో ఏమీ పెట్టనివ్వకండి. అదిమి పట్టుకోనివ్వకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద మెత్తటిది ఏదైనా పెట్టి, గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోను చేయండి. తాళాల గుత్తి వల్ల ఏ ఉపయోగమూ లేదు. అత్తగారు ప్రేమకొద్దీ పెట్టారు, అంతే.

ఇక మార్కు తొమ్మిది. దాన్నే మీమీద ప్రయోగించారు కనుక దాన్నే తీద్దాం. 14వ వచనం నుంచి 29 దాకా ఒకసారి మెల్లగా చదవండి. తొందరపడి చదివితే ఆ తండ్రినే తప్పుపడతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను.

యేసు కొండ దిగి వచ్చేసరికి కింద గొడవగా ఉంది. ఒక తండ్రి తన కొడుకును శిష్యుల దగ్గరికి తెచ్చాడు, వారివల్ల కాలేదు. చుట్టూ జనం, శాస్త్రులతో వాదన. పిల్లవాడు ఒక పక్కన ఉన్నాడు, తర్కం ఇంకో పక్కన నడుస్తోంది. మీ ఇంట్లో ఆరు నెలలుగా జరుగుతున్నది ఇదే కదా! "విశ్వాసములేని తరమువారలారా" అని ఆయన బాధగా అన్నమాట నిజమే. కానీ అది అక్కడున్న అందరికీ తగిలే మాట, శిష్యులతో సహా. ఆ వెంటనే పిల్లవాణ్ణి తన దగ్గరికి తెమ్మన్నాడు. వాడు నేలమీద పడి నురుగు కార్చుకుంటూ పొర్లుతున్నాడు. అప్పుడు యేసు తండ్రిని అడిగిన ప్రశ్న చూడండి: "ఇది వీనికి సంభవించి యెంతకాలమైనది?" ఎవరి పాపమని అడగలేదు. ఇంట్లో ఏం దాచావని అడగలేదు. ఎంతకాలం నుంచి బాధపడుతున్నాడని అడిగాడు. పిల్లవాణ్ణి పట్టించుకునేవారు ఎవరైనా మొదట అడిగేది అదే.

తండ్రి చెప్పాడు. బాల్యం నుంచీ అట, నిప్పుల్లోనూ నీళ్లలోనూ పడేవాడట. ఈ ఒక్క మాటలో ఆ ఇంటి బతుకంతా ఉంది. పొయ్యి దగ్గరా బావి దగ్గరా కొడుకు వెనకే తిరిగిన మనిషి ఆయన. ఇవాళ్టికీ డాక్టర్లు మనకు చెప్పే జాగ్రత్త అదే: పొయ్యి దగ్గర ఒంటరిగా వదలవద్దు, కాలువలో ఈతకు పంపవద్దు, స్నానాల గదికి లోపల గడియ పెట్టనివ్వవద్దు. అలసిపోయిన ఆ తండ్రి, "నీవలననైతే మామీద కనికరపడి మాకు సహాయము చేయుము" అన్నాడు. "వాడిమీద" అనలేదు, "మామీద" అన్నాడు. పిల్లవాడి జబ్బు ఇంటిల్లిపాదినీ ఎలా కుంగదీస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నమ్మువానికి సమస్తమూ సాధ్యమే అని యేసు అన్నది ఇక్కడే. మీతో పదేపదే అంటున్న వచనం ఇదే. కానీ వారు అక్కడితో ఆపేస్తున్నారు, తర్వాతి మాట చదవడం లేదు. తండ్రి బిగ్గరగా అన్నాడు: "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." ఒకే ఊపిరిలో నమ్మకమూ, అపనమ్మకమూ. యేసు ఏం చేశాడు? "ముందు నీ అపనమ్మకం పోగొట్టుకుని రా, అప్పుడు చూద్దాం" అన్నాడా? ఆ సగం నమ్మకాన్నే అందుకుని పిల్లవాణ్ణి బాగుచేశాడు. బీరువాలో అట్ట దాచుకుని వేదిక దగ్గర కళ్లు మూసుకున్న మీ నమ్మకం కూడా అలాంటిదే, చెల్లెమ్మా. మీ సంఘంలో ఎంతోమంది మనసులో ఉన్నది అదే, పైకి చెప్పరు.

మత్తయి పదిహేడులో ఇదే సంగతి వస్తుంది. మావల్ల ఎందుకు కాలేదని శిష్యులు ఏకాంతంగా అడిగితే, యేసు చెప్పిన కారణం వారి అల్పవిశ్వాసం. ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. బాగుచేయబోయినవారితో అన్నాడు. రోగితో కాదు, రోగి తండ్రితో కాదు. మీ విషయంలో ఆ మాటను తల్లి నెత్తిన ఎలా వేశారో నాకు అర్థం కాలేదు, చదువుతుంటే నిజంగా కడుపు మండింది. ఉపవాసం మాటా ఇంతే. మన తెలుగు బైబిలులో మార్కు 9:29లో ప్రార్థన అనే ఉంది. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఉపవాసం కూడా ఉంది. ఉన్నా అది శిష్యులు చేయవలసినదే. జబ్బుపడిన పసివాణ్ణి పస్తు పెట్టమని ఎక్కడుంది?

దయ్యం సంగతి కూడా దాటవేయను. ఆ కథలో అపవిత్రాత్మ అనే రాసి ఉంది, దాన్ని నేను తుడిచేయలేను, తుడిచే ఉద్దేశమూ లేదు. కానీ ఆ పిల్లవాడు "చాంద్రరోగి", అంటే మూర్ఛరోగి, అని తండ్రి అన్నట్టు రాసిన మత్తయే, నాలుగో అధ్యాయం 24వ వచనంలో దయ్యముపట్టినవారిని వేరుగా, చాంద్రరోగులను వేరుగా, పక్షవాయువు గలవారిని వేరుగా లెక్కపెట్టాడు. మూర్ఛ వచ్చిన ప్రతివాడికీ దయ్యం పట్టిందని సువార్త అనడం లేదు. ఆ పిల్లవాడిలో ఏముందో యేసుకు తెలుసు. మీ బాబులో ఏముందో ఆ దైవజనుడికి తెలుసని చెప్పే వచనం ఏదీ లేదు. ఇక విలవిలలాడించడం అంటారా, ఆ కథలో పిల్లవాడు చచ్చినవాడిలా పడి ఉంటే యేసు చెయ్యిపట్టి లేవనెత్తాడు. మీ బాబును నలుగురు అదిమిపట్టారు. ఈ రెండూ ఒకటేనని ఎవరన్నా నేను ఒప్పుకోను.

దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను. అందుకే పదిమంది కుష్ఠరోగుల కథ కూడా గుర్తుచేస్తున్నాను. వెళ్లి యాజకులకు కనుపరచుకొమ్మని యేసు వారిని పంపాడు. ఆ రోజుల్లో ఆ రోగాన్ని పరీక్షించి, నయమైందని తేల్చవలసినది యాజకులే. పరీక్షకు నిలబడే స్వస్థత అది. మీ బాబుకు పూర్తిగా నయమైతే అది డాక్టరు ముందూ నిలుస్తుంది. అప్పుడు మాత్రలు ఆయనే తగ్గిస్తారు. ఆ రోజు చెప్పే సాక్ష్యానికి ఎవరూ వంక పెట్టలేరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఇలాగే రహస్యంగా కొనసాగించవచ్చు. ఇంట్లో గొడవ ఉండదు. కానీ పైన చెప్పిన ప్రమాదాలన్నీ ఉంటాయి. ఏదో ఒక రోజు బయటపడితే అత్తగారు మాత్రను కాక, మీ దాపరికాన్ని పట్టుకుంటారు. నాకైతే ఈ దారి ఇక పనికిరాదనిపిస్తోంది.

రెండో దారి, ముందు భర్తకు చెప్పడం. "మీరూ మీరూ తేల్చుకోండి" అని తప్పుకుంటారని రాశారు. అందరి ముందూ అడిగితే అలాగే అంటారు. వారానికి రెండు రోజులే ఇంట్లో ఉండే మనిషి, ఆ రెండు రోజులూ తల్లికీ భార్యకూ మధ్య తీర్పు చెప్పాలంటే భయపడతారు. ఆయన్ని తీర్పు అడగకండి. డాక్టరు దగ్గరికి తోడు రమ్మనండి. మందు ఆపితే ఏమవుతుందో డాక్టరు నోటినుంచే వింటే మీరు వాదించే పని ఉండదు. రాలేనంటే, మీరొక్కరే వెళ్లిరండి. ఆయన కోసం చికిత్స ఆపకండి.

అత్తగారు రోజూ బీపీ మాత్ర వేసుకుంటారని, ఆ మాట ముఖం మీదే అనాలనిపిస్తోందని రాశారు. అనవద్దు. అంటే మీరు గెలుస్తారు, ఆమె ఇంకా బిగుసుకుంటారు. ఆమె మిషన్ ఆసుపత్రిలో పుట్టారని మరోచోట రాశారు చూడండి, అక్కడ మొదలుపెట్టండి. అన్నా కుగ్లర్ అనే లూథరన్ మిషనరీ వైద్యురాలు 1883లో గుంటూరు వచ్చారు. 1898లో అక్కడ ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచారు. మీ జిల్లా క్రైస్తవులకు సువార్తా, మందుసీసా కలిసే వచ్చాయి. "అత్తయ్యా, మిమ్మల్ని కన్నప్పుడు మీ అమ్మగారు ఆ ఆసుపత్రికి ఎలా వెళ్లారు? అక్కడ ప్రార్థన చేసేవారా?" అని అడిగి, ఆమెను చెప్పనివ్వండి. ఒక్క రోజులో మారకపోవచ్చు. మనవడు పడిపోతాడేమోనన్న భయం ఆమెకూ ఉంది. ఆ భయంతోనే తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తారు.

సాక్ష్యం విషయంలో మాత్రం ఒక్కటి గట్టిగా చెబుతాను. బాబును ఆ వేదిక ఎక్కనివ్వకండి. మాత్ర వాడుతూ, అది తనకే తెలియకుండా, మందు లేకుండా బాగైందని చెబితే ఆ భారం పసివాడి మీద పడుతుంది. అంతకంటే భయంకరమైనది ఇంకోటి ఉంది. ఆ కూటంలో మీలాంటి తల్లి ఇంకొకరు కూర్చుని ఉండవచ్చు. ఆమె ఇంటికి వెళ్లి తన బిడ్డ మాత్రలు పారేస్తే?

ఎలా ఆపాలనేది మీ పరిస్థితిని బట్టి ఉంటుంది. "ఈసారికి వద్దండీ" అని ఊరుకోవచ్చు. అది తేలిక, కానీ సంఘం నమ్మకం అలాగే ఉండిపోయి ఈస్టరుకు మళ్లీ అడుగుతారు. లేదా మీ సంఘ కాపరి, అంటే పాస్టరుగారికి ఒక్కరికే ఉన్నదున్నట్టు చెప్పవచ్చు. కుట్లు వేస్తున్నప్పుడు ఆసుపత్రి బల్లమీద మీ పక్కన కూర్చున్నారని రాశారు. పెద్దలకు ఎదురు చెప్పలేని మనిషే కావచ్చు, కానీ కుట్లు పడ్డ ఆ గడ్డం చూసినవారు. నా మొగ్గు దీనివైపే. భర్త పక్కన నిలబడితే, ఆరోగ్యం కుదుటపడ్డాక, మీరే లేచి "మందులు వాడుతున్నాం, ప్రార్థిస్తున్నాం, దేవుడు కాపాడుతున్నాడు" అని చెప్పే రోజు కూడా రావచ్చు. కొందరు మూతి ముడుస్తారు. ఒకరిద్దరు తల్లులు వచ్చి చెవిలో ఏదో అడుగుతారు.

సంఘం మానేయడం ఇప్పుడే వద్దు. బాబుకు అక్కడ సండే స్కూలు స్నేహితులున్నారు, మీకు కష్టంలో అన్నం వండిపెట్టినవారున్నారు. హఠాత్తుగా మానేస్తే అత్తగారితో అన్ని దారులూ మూసుకుపోతాయి. కానీ మీరు నిజం చెప్పాక కూడా మందులు ఆపాల్సిందేనని పట్టుబడితే, లేదా బాబును మళ్లీ రాత్రంతా కూర్చోబెడతామంటే, ఆ రోజే బిడ్డను తీసుకుని ఇంటికి వచ్చేయండి. ఆదివారం వేరే సంఘంలో ఆరాధించుకోండి. దేవుడు మీ వెంట వస్తాడు.

చివరగా బాబు అడిగిన ప్రశ్న. దానికి మీరింకా జవాబు చెప్పలేదని రాశారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే, "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అని యేసు అన్న సంగతి యోహాను తొమ్మిదిలో ఉంది. అది వాడికి కథలా చెప్పండి. దేవుడికి కోపం లేదని, మైకులో చెప్పింది అబద్ధం కాదని, పెద్దవాళ్లు చెప్పమన్నది, తనకు అప్పుడు అనిపించింది చెప్పాడని చెప్పండి. మాత్ర సంగతీ చెప్పండి. మెదడులో కరెంటు ఒక్కోసారి ఎక్కువై ఒళ్లు కొట్టుకుంటుందని, ఆ కరెంటును మాత్ర అదుపులో ఉంచుతుందని చెబితే తొమ్మిదేళ్లవాడికి అర్థమవుతుంది. ఇన్నాళ్లూ చెప్పకుండా అన్నంలో కలిపినందుకు క్షమించమని అడగండి. పిల్లలు మనం అనుకున్నదానికంటే త్వరగా క్షమిస్తారు.

డాక్టరు దగ్గరికి వెళ్లివచ్చిన రాత్రి నుంచి పెరుగన్నంలో ఏమీ కలపకండి. మాత్ర బాబు చేతికివ్వండి, మంచినీళ్ల గ్లాసు మీరు పట్టుకోండి. ప్రార్థన ఇద్దరూ కలిసి చేసుకోండి, మాత్రకు ముందైనా సరే, తర్వాతైనా సరే.